లియో ఫెండరు చరిత్రము

మన ఆరాధనలలో గాయకుల ప్రక్కన, నాలుగు లావైన తీగెలుగల పొడుగాటి గిటారును భుజమునకు తగిలించుకొని నిలుచుండు యువకుని మన చదువరులలో ననేకులు చూచియుందురు. అతడు పలికించు స్వరము చెవికంటె ముందుగా ఱొమ్మునకు తగులును. ఆ వాద్యమును బేస్ గిటారందురు. దానిని లోకమునకు అలవాటు చేసిన లియో ఫెండరుగారి చరిత్రమును ఈ సంచికలో వ్రాయబూనితిమి. సంగీతమందు ప్రీతిగల విద్యార్థులకంటె, ఇంటిలోని గడియారమును విప్పి చూచి పెద్దలచేత చీవాట్లు తిను విద్యార్థులకే ఇది ఎక్కువ రుచించునని మా తలంపు. ఏలయనగా ఫెండరుగారు గిటారు వాయించుట ఎఱుగరు. దాని తీగెలను శ్రుతిచేయుట సైతము ఆయనకు చేతకాదు. ఆయన మరమ్మతు పనివాడు.

క్లారెన్స్ లియోనిడాస్ ఫెండరు 1909వ సంవత్సరము ఆగస్టు 10వ తేదీన, అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున, ఆనహైము, ఫులర్టను పట్టణముల ప్రాంతమున జన్మించెను. తలిదండ్రులు నారింజతోటలు పెంచు రైతులు. ఎనిమిదేండ్ల ప్రాయమున ఎడమకంటిలో కంతి పుట్టగా వైద్యులు ఆ కంటిని తీసివేసి గాజుకన్ను అమర్చిరి. బాల్యమున పియానోను, పిమ్మట శాక్సొఫోనును కొంత నేర్చెనుగాని వానియందు మనస్సు నిలువలేదు. 1922లో, శాంటా మరియా పట్టణమున మోటారుబండ్ల విద్యుత్తు పనులు చేయు బంధువు నింటికి పోయినప్పుడు, ఆయన విడిభాగములతో స్వయముగా కూర్చిన రేడియో యొకటి ఈ బాలుని కంటబడెను. అందుండి వెలువడు గానమును విని బాలుడు ఆశ్చర్యపడెను. పాటను గూర్చి కాదు, పెట్టెను గూర్చి. హైస్కూలు చదువు ముగియకమునుపే ఇంటివద్ద రేడియోలు బాగుచేయుట ప్రారంభించెను.

ఇంత ఆసక్తి యున్నను ఆయన విద్యుచ్ఛాస్త్రమును ఏ తరగతిలోను కూర్చుండి చదువలేదు. 1928లో హైస్కూలునుండి వెలువడి, ఫులర్టను జూనియర్ కళాశాలలో జమాఖర్చులు వ్రాయు విద్యను అభ్యసించెను. మంచుగడ్డల కంపెనీలో సరకు చేరవేసి, పిదప అచ్చటనే పద్దులు వ్రాసెను. 1934లో ఎస్తేరను కన్యను వివాహమాడెను. రహదారుల శాఖలో దొరికిన లెక్కల ఉద్యోగము ఆర్థికమాంద్యమువలన పోయెను. టైర్ల కంపెనీలో చేరగా ఆరు నెలలకే అదియు పోయెను. ఇంటి యజమానుని ఉద్యోగము పోవుట యెట్టిదో ఎఱిగిన కుటుంబములు మన చదువరులలోను కలవు గనుక దీనిని విస్తరింపము. 1938లో ఆయన 600 డాలర్లు అప్పు తెచ్చి, ఫులర్టనులో రేడియో మరమ్మతు దుకాణము తెఱచెను.

ఆ దుకాణమే ఆయనకు కళాశాల యయ్యెను. రేడియోలతో బాటు ఊరి వాద్యగాండ్రు తమ విద్యుత్ గిటారులను, ధ్వనిని పెంచు ఆంప్లిఫయరు పెట్టెలను మరమ్మతునకు తెచ్చుచుండిరి. ఫెండరుగారు వానిని విప్పి, ఏ భాగము ఎందువలన చెడినదో, దానిని చేసినవాడు ఏమి ఆలోచింపక చేసెనో చూచుచుండెను. డాక్ కాఫ్‌మను అను వాద్యగానితో కలసి కొన్నియేండ్లు ఒడిలో నుంచుకొని వాయించు గిటారులను చేసి, 1946లో విడిపోయి తన పేరనే కంపెనీని నెలకొల్పెను. 1950లో బోలుపెట్టె లేని, గట్టి పలకతో చేసిన గిటారును అమ్మకమునకు పెట్టగా, పడవతెడ్డువలె నున్నదని ఇతర వర్తకులు హాస్యమాడిరి. దాని కిడిన పేరు మఱియొక కంపెనీవారి డప్పుల పేరును పోలియున్నదని ఆక్షేపణ రాగా, చీటీలను పాఱవేయక, ఆ పేరున్న ముక్కను మాత్రము కత్తిరించి కొన్ని నెలలు అట్లే అమ్మిరి. పద్దులు వ్రాసిన చేయి గదా! పిమ్మట దానికి టెలికాస్టరను పేరు స్థిరపడెను.

ఇక బేస్ గిటారు సంగతి. ఆ దినములలో నాట్యశాలలయందు మంద్రస్వరమును పలుకునది డబుల్ బేసను నిలువెత్తు వాద్యము. దానిని ఊరూరికి మోయుట యొక శిక్ష. గిటారులకు విద్యుత్తు వచ్చినపిమ్మట ఆ సందడిలో దాని గొంతు వినబడకపోయెను. పైగా దానికి మెట్లు లేవు. ఫిడేలునందువలెనే వ్రేలు వెండ్రుకవాసి తప్పినను అపశ్రుతి పుట్టును. ఫెండరుగారు దానిని గిటారువలె అడ్డముగా భుజమునకు తగిలించుకొనునట్లు కుదించి, వీణకువలె దండిపై మెట్లు బిగించి, విద్యుత్తు జోడించెను. పొట్టి కొలతలను కొన్ని పరీక్షించి, తుదకు తీగె పలుకు పొడవును 34 అంగుళములుగా నిర్ణయించెను. డబుల్ బేసులో అది సుమారు 42 అంగుళము లుండును. అన్నిటికంటె లావుతీగె సెకనునకు సుమారు 41 మారులు మాత్రమే కంపించును. మెట్లవలన స్వరము తప్పక కచ్చితముగా పలుకును గనుక ప్రెసిషన్ బేసని పేరుపెట్టి, 1951 చివర అమ్మకమునకు తెచ్చెను. సియాటిల్ పట్టణవాసియైన పాల్ టట్‌మార్కు 1930 తరువాతి దశకములోనే ఇట్టి వాద్యమును చేసియుండెనుగాని అది వ్యాపింపలేదు. న్యాయమునకై ఆయన పేరును ఇచ్చట వ్రాసితిమి.

దీని పని సులభముగా తెలియును. తీగెల క్రింద అయస్కాంతములును, వానిచుట్టు సన్నని రాగితీగె చుట్టయు నుండును. ఇనుప తీగె కంపించినప్పుడు అయస్కాంతక్షేత్రము కదలి, చుట్టలో స్వల్పవిద్యుత్తు పుట్టును. ఆంప్లిఫయరు దానిని పెంచి ధ్వనిగా వెలువరించును. 1957లో ఆ చుట్టను రెండుగా విభజించి, విద్యుద్దీపములు మొదలగువాని రొద ఒకదానిలోనిది మఱియొకదానితో కొట్టివేయబడునట్లు కూర్చిరి.

అయితే మేము మిక్కిలి మెచ్చుకొనునది ఇది కాదు. పూర్వపు పనివారు దండిని పెట్టెకు జిగురుతో శాశ్వతముగా అతికెడివారు. ఫెండరుగారు దానిని నాలుగు మరమేకులతో బిగించెను. దండి చెడినచో స్క్రూడ్రైవరుతో ఊడదీసి వేఱొకటి తగిలింపవచ్చును. మిగిలిన భాగములును అట్టివే. తన బల్లమీదికి వచ్చిన ప్రతి వాద్యమును బాగుచేయుటకు పడిన శ్రమ ఆయనకు జ్ఞాపకమున్నది గనుక, తరువాతి మరమ్మతు పనివానికి ఆ శ్రమ లేకుండ చేసెను. దండిలోపల ఉక్కుచువ్వను దాచి, వంపు వచ్చినప్పుడు దాని మరను త్రిప్పి సరిచేయునట్లు అమర్చెను. కాని ఆ మరను దండి మొదట నుంచుటచే, దానిని త్రిప్పుటకు దండినే వదులుచేయవలసి వచ్చెడిది. తేమ ఎక్కువైన మన కోస్తాతీరమున దండులు వంగుట చూచిన మాకు, ఇంతటి వివేకి ఈ యొకచోట ఎట్లు పొరబడెనో అర్థము కాదు.

తనకు వాయించుట రాదను సంగతి ఆయన మఱువలేదు. ఏ క్రొత్త వాద్యమును చేసినను నాట్యశాలలలో వాయించువారి కిచ్చి, వారేమి చెప్పుదురో విని, మఱల విప్పి దిద్దుచుండెను. లయనెల్ హాంప్టను మేళమున మాంక్ మాంట్‌గమరీ దీనిని వాయింపగా జాజ్ గాయకులు గమనించిరి. 1960 తరువాత డెట్రాయిటు నగరమున జేమ్స్ జామర్సను ఇదే వాద్యముపై అనేక ప్రసిద్ధ గీతములకు మంద్రస్వరము కూర్చెను. ఆయన తీగె తెగిననే గాని మార్చెడివాడు కాడని చెప్పుదురు. మన బాలురు దీనిని సాకుగా తీసికొనరాదు.

గిరాకి పెరిగినకొలది ఫెండరుగారి దేహము క్షీణించెను. ముక్కు ప్రక్క యెముకల లోపలి అంటురోగము ఏండ్లతరబడి విడువకుండెను. ఇక బ్రదుకనని తలంచి, 1965 జనవరిలో కంపెనీని సి.బి.యస్. వారికి కోటి ముప్పదిలక్షల డాలర్లకు అమ్మివేసెను. పిమ్మట వేఱొక వైద్యుని చేత రోగము కుదిరెను! ఆరోగ్యము తిరిగి వచ్చెను, ధనమును ఉండెను. అయితే గిటారు తలపై వ్రాయుటకు తన పేరు మాత్రము తనది కాకపోయెను. కొన్నియేండ్లు పోటీగా పనిచేయరాదని ఒడంబడికయు నుండెను.

అట్టి ధనము చేతనుండగా మేమైనచో నారింజతోటలో కుర్చీ వేసికొని యుందుము. గడువు తీఱినపిమ్మట ఆయన మ్యూజిక్ మాను అను కంపెనీలో చేరి, 1976లో స్టింగ్‌రే అను బేస్ గిటారును వెలువరించెను. 1979లో ఎస్తేరు మరణించెను. 1980లో ఫిలిస్ అనునామెను వివాహమాడి, ఆ ప్రాంతముననే పాత సహచరుడగు జార్జి ఫులర్టనుతో జి అండ్ ఎల్ అను కంపెనీ స్థాపించెను. అందులోని రెండవ అక్షరమే లియో. మొదటి ప్రెసిషన్ బేసు వెలువడి ముప్పదియేండ్లు గడచినను, దాని లోపములను తన బల్లమీద ఇంకను దిద్దుచునే యుండెను. పార్కిన్సను వ్యాధి సోకి చేతులు వణకుచున్నను పనికి పోవుట మానలేదు. 1991 మార్చి 21వ తేదీన మరణించెను. ముందటి దినమును ఆ బల్లవద్దనే గడపెను.