భాగ్యరెడ్డివర్మగారి జీవితము – సంఘమున ధర్మాభివృద్ధి

మానవసంఘము కాలక్రమమున నీతియందు పెంపొందుచున్నదని పెద్దలు చెప్పుదురు. కాని కాలము తనంతట తాను ఎవ్వరిని సంస్కరింపదు. నిన్నటి ఆచారము నేడు అధర్మముగా తోచవలెనన్నచో, దానిని ముందుగా ప్రశ్నించి, అందుకై శ్రమించినవారు ఉండవలెను. తెలంగాణమున అట్టివారిలో అగ్రగణ్యులు కీర్తిశేషులు భాగ్యరెడ్డివర్మగారు.

వీరు 1888వ సంవత్సరము మే 22వ తేదీన హైదరాబాదులో, అంటరానివారుగా ఎంచబడిన కులమున జన్మించిరి. తొలిపేరు మాదరి భాగయ్య. వీరి బాల్యమున, 1895లో, పాతనగరమందలి శాలిబండలో భారత గుణవర్ధక సంస్థవారి గ్రంథాలయము వెలసెను. నగరమున అక్షరదీపములు అట్లు ఒక్కొక్కటిగా వెలుగుచుండినను, అంటరానివారి వాడలు చీకటిలోనే యుండెను. ఆ చీకటిని తొలగించుటయే వీరి జీవితవ్రతమయ్యెను.

1906లో జగన్మిత్రమండలిని స్థాపించి, చదువురానివారికి హరికథల మూలమున సంస్కారము బోధించిరి. 1911లో అది మన్యసంఘమయ్యెను. బాల్యవివాహములను, మద్యపానమును, ఆడుబిడ్డలను దేవతల పేర జోగినులుగా విడుచుటను వీరు ఖండించిరి. పరుల దోషములను చూపువారు పెక్కురు. తనవారి దోషములను గూడ దాచక చెప్పుట వీరి ప్రత్యేకత. 1910లో ఈసామియా బజారున పాఠశాలను నెలకొల్పిరి. 1933 నాటికి వీరి పాఠశాలలు 26, విద్యార్థులు 2,500 అయిరి.

1917లో బెజవాడలో జరిగిన పంచమ మహాసభకు వీరు అధ్యక్షత వహించిరి. పంచములను మాటకు ఆధారము లేదనియు, తమవారు ఈ దేశమున మొదటినుండి యున్న ప్రజలనియు వాదించి, ఆ సభకు ఆది ఆంధ్ర మహాసభయని పేరు మార్పించిరి. పేరు మారినంతమాత్రమున ఆకలి తీరునాయని సందేహింపవచ్చును. కాని హీనమైన పేరున పిలువబడువాడు క్రమముగా తన్ను తానే హీనునిగా తలచును. ఆ తలపును తొలగింపక ఏ సంస్కరణము నిలువదు. 1931 జనాభాలెక్కలలో నిజాము రాజ్యమున ఆదిహిందువులను పేరు చేరెను. గ్రామలెక్కలు వ్రాయు నావంటివానికి లెక్కలో పేరు చేరుటయొక్క విలువ తెలియును.

వీరు 1939 ఫిబ్రవరి 18వ తేదీన పరమపదించిరి. 1950లో అమలులోనికి వచ్చిన రాజ్యాంగము అస్పృశ్యతను నిషేధించెను. అయినను, అటుపిమ్మట ముప్పది యేండ్లకు, నా బాల్యమున, మా ప్రాంతపు టీ దుకాణములలో కొందరికి వేరు గ్లాసులుండెను. నిత్యము చూచుచునే పెరిగితిని, తప్పని తోచలేదు. భారతభాగవతములు చదివి ధర్మసూక్ష్మములు చర్చించిన దినములందును తోచలేదు. ఈ మహనీయుని చరిత్ర చదివిననాడు సిగ్గుపడితిని.

చట్టము అధర్మమును శిక్షించును. మనస్సును మార్చునది విద్య. మన గ్రంథాలయమున నేడు అన్ని వాడల పిల్లలును ఒక్క బల్లకడ కూర్చుండి చదువుచున్నారు. ఇట్టి దృశ్యమునకై శ్రమించినవారిని ఈ రజతోత్సవ శుభసమయమున స్మరించుట మన విధి. మన బిడ్డలు రేపు మనయందలి ఏ ఆచారమును చూచి సిగ్గుపడుదురో, దానిని నేడే వెదకి విడుచుట అంతకు మించిన విధి.