వాల్తమ్ గడియారం వెనక డెనిసన్ కథ

ఎస్టేట్ సేల్‌లో కొన్న పాత జేబు గడియారం వెనక మూత తీస్తే, లోపలి యంత్రం మీద రెండు పేర్లు కనిపించాయి. ఒకటి వాల్తమ్, రెండోది పి.ఎస్. బార్ట్‌లెట్. తయారుచేసినవాడు బార్ట్‌లెట్ అనుకుంటాం కదా! కానీ ఆయన ఆ కంపెనీలో ఫోర్‌మన్. ఒక రకం వాచీకి ఆయన పేరు పెట్టారు, అంతే.

ఇలాంటి గడియారం మీ దగ్గరా ఉంటే ఒక్క మాట. అది ఏ ఏడాదిదో తెలియాలంటే యంత్రం మీద చెక్కిన సీరియల్ నంబరే చూడాలి. మూత మీది నంబరు పనికిరాదు. ఆ రోజుల్లో యంత్రం ఒకరు, కేసు ఇంకొకరు చేసేవారు. కొనేవాళ్లు దుకాణంలో తమకు నచ్చిన కేసులో బిగించుకునేవారు.

నంబరు వెంట వెళ్తుంటే నాకు దొరికిన మనిషి ఏరన్ లఫ్‌కిన్ డెనిసన్. 1812లో మెయిన్ రాష్ట్రంలోని ఫ్రీపోర్ట్‌లో పుట్టాడు. తండ్రి బూట్లు కుట్టేవాడు. 18 ఏళ్లకు బ్రన్స్‌విక్‌లో గడియారాల పనివాడి దగ్గర చేరి, తర్వాత బోస్టన్ వచ్చి వాచీలు బాగుచేశాడు. అప్పట్లో మంచి వాచీ అంటే ఇంగ్లండ్ నుంచో స్విట్జర్లాండ్ నుంచో రావాల్సిందే. ప్రతి భాగాన్నీ చేత్తో అరగదీసి అమర్చేవారు కాబట్టి ఒకదాని చక్రం ఇంకోదానికి పట్టేది కాదు.

స్ప్రింగ్‌ఫీల్డ్ ఆయుధాగారంలో తుపాకీ భాగాలన్నీ ఒకే కొలతకు యంత్రాల మీద చేసేవారు. ఏ తుపాకీ ముక్క అయినా ఇంకో తుపాకీకి సరిపోయేది. వాచీలనూ అలాగే ఎందుకు చేయకూడదన్నది డెనిసన్ ఆలోచన. వెంట్రుక మందం తేడా వచ్చినా ఆగిపోయే వస్తువది. జనం పిచ్చివాడన్నారు, అనరూ మరి!

1850లో ఎడ్వర్డ్ హోవర్డ్ తదితరులతో కలిసి రాక్స్‌బరీలో ఫ్యాక్టరీ మొదలుపెట్టాడు. ఎనిమిది రోజులకోసారి కీ ఇస్తే చాలనుకుని చేసిన మొదటి నమూనా సరిగా నడవలేదు. 1854లో చార్లెస్ నది ఒడ్డున వాల్తమ్‌కు మారారు. ఆ కొద్దికాలం వాచీల మీద డెనిసన్, హోవర్డ్, డేవిస్ పేర్లు చెక్కారు. డబ్బు సరిపోలేదు. 1857లో ఫ్యాక్టరీ వేలానికి వచ్చింది. రాయల్ రాబిన్స్ 56,500 డాలర్లకు కొన్నాడు. డెనిసన్ తాను కట్టిన చోటే జీతగాడిగా మిగిలాడు. ఐదేళ్లు తిరక్కుండానే ఆ ఉద్యోగమూ పోయింది.

రాబిన్స్‌ను తప్పుపట్టలేం. లెక్క తెలిసిన ఆయన లేకపోతే వాల్తమ్ నిలిచేది కాదు. అంతర్యుద్ధంలో సైనికులు కొన్న చవక రకం వాచీతోనే కంపెనీ గట్టిపడింది. దానికి స్వాతంత్ర్య ప్రకటనపై సంతకం చేసిన విలియం ఎలరీ పేరు పెట్టారు.

డెనిసన్ 1864లో ట్రీమాంట్ వాచ్ కంపెనీ పెట్టాడు. అంతా ఒకే కప్పు కింద చేయాలని పట్టుబట్టిన మనిషి, ఈసారి ఖర్చు తగ్గించడానికి జ్యూరిక్‌లో మకాం పెట్టి కొన్ని భాగాలు అక్కడ చేయించి పంపాడు. భాగస్వాములు వద్దని, అన్నీ ఇక్కడే చేద్దామన్నారు. 1868లో అదీ మూతపడింది. యంత్రాలు ఇంగ్లండ్‌కు అమ్ముడుపోయాయి. వాటి వెనకే ఆయనా బర్మింగ్‌హామ్ వెళ్లాడు.

1876లో ఫిలడెల్ఫియా ప్రదర్శనలో వాల్తమ్ యంత్రాలు వాటంతట అవే స్క్రూలు చేస్తుంటే, చూసిన స్విస్ ప్రతినిధి బెంబేలెత్తి, మేలుకోకపోతే మన పని అయిపోయినట్టేనని స్వదేశంలో హెచ్చరించాడు. అప్పటికి డెనిసన్ బర్మింగ్‌హామ్‌లో వాచీ కేసులు చేసుకుంటున్నాడు. జీవితంలో నిలదొక్కుకున్నది ఆ వ్యాపారంతోనే.

కాదు, అంతకుముందే ఇంకొకటి ఉంది. నగల దుకాణాల కోసం 1844లో అట్టపెట్టెల పని మొదలుపెట్టి, బూట్లు కుట్టే తండ్రితోనే చేయించాడు. తర్వాత తమ్ముడికి అప్పగించాడు. అది పెరిగి పెరిగి ఈనాటి లేబుళ్ల కంపెనీ ఏవరీ డెనిసన్ పేరులో నిలిచింది.

రూట్ 128 మీద ఆఫీసులకు వెళ్లే మన తెలుగువాళ్లు వాల్తమ్ దాటుతూనే ఉంటారు. క్రెసెంట్ స్ట్రీట్‌లో ఆ ఎర్ర ఇటుకల ఫ్యాక్టరీ భవనం ఇప్పటికీ ఉంది.

డెనిసన్ 1895లో బర్మింగ్‌హామ్‌లో కన్నుమూశాడు. ఆయన కేసుల కంపెనీ 1967 దాకా నడిచింది. అమెరికా నుంచి వచ్చిన వాల్తమ్ యంత్రాలను ఇంగ్లండ్‌లో ఆ కేసుల్లోనే బిగించి అమ్మేవారు. అక్కడి పాత వస్తువుల దుకాణాల్లో అలాంటివి ఇప్పటికీ దొరుకుతాయి. యంత్రం మీద వాల్తమ్ అని ఉంటుంది, మూత లోపల డెనిసన్ అని ఉంటుంది.