షోపాన్: వలస వెళ్ళినా మారని గుండె



పుట్టిన ఊరు విడిచి పరభాషల మధ్య స్థిరపడిన మన కుటుంబములకు, పియానో విద్వాంసుడు ఫ్రెడెరిక్ షోపాన్ జీవితము తెలిసికొనదగినదని తలంచి ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

ఆయన తండ్రి నికోలస్ ఫ్రాన్సు దేశస్థుడు. 1787లో పోలండు వెళ్ళి, అక్కడి స్త్రీని వివాహమాడి, ఫ్రెంచి భాష బోధిస్తూ అక్కడివాడే అయిపోయాడు. ఫ్రెడెరిక్ 1810లో వార్సా దగ్గరి జెలజోవా వోలా గ్రామంలో పుట్టాడు. 1817లో, పసితనంలోనే, ఆయన కూర్చిన సంగీతము అచ్చయింది.

1830 నవంబరులో, ఇరువది యేండ్ల ప్రాయంలో, వియన్నాకు బయలుదేరాడు. ఆ నెలాఖరులోనే వార్సాలో రష్యా పాలనపై తిరుగుబాటు లేచింది. మరుసటి సంవత్సరము దానిని అణచివేశారు. షోపాన్ 1831లో పారిస్ చేరాడు. మరల స్వదేశము చూడలేదు. తండ్రి విడిచివచ్చిన దేశమే కుమారునికి ఆశ్రయమైనది.

పారిస్‌లో పియానో పాఠాలు చెప్పి జీవనము సాగించాడు. 1835లో ఫ్రెంచి పౌరసత్వము లభించింది. ఆ యేడే కార్ల్స్‌బాద్‌లో తలిదండ్రులను కలిశాడు. వారిని చూచుట అదే ఆఖరు. పౌరసత్వము మారినా ఇంటికి ఉత్తరాలు పోలిష్‌లోనే వ్రాసేవాడు. తన ప్రాంతపు పల్లె నాట్యమైన మజుర్కా వరుసలో 50కి పైగా రచనలు చేశాడు.

1848 నవంబరులో, జబ్బుతో కృశించి ఉండి కూడా, లండన్ గిల్డ్‌హాలులో పోలిష్ శరణార్థుల సహాయార్థము వాయించాడు. అదే చివరి కచేరీ. 1849 అక్టోబరు 17న, 39 యేండ్లకే, పారిస్‌లో కన్నుమూశాడు. దేహమును అక్కడే సమాధి చేశారు. ఆయన కోరిక ప్రకారము అక్క లుద్వికా గుండెను వార్సాకు తీసుకొనిపోయింది. అది హోలీ క్రాస్ దేవాలయపు స్తంభములో ఉన్నది. ఆ స్తంభముపై మత్తయి సువార్త 6:21 చెక్కబడి ఉన్నది. దయచేసి బైబిలు తెరచి ఆ వచనము చదువుకొనండి.

షోపాన్ మన సంఘస్థుడు కాడు. ఆయన నడవడి యంతయు మనకు మాదిరి అని మేము చెప్పము. అయితే మన పిల్లలలో కొందరు కన్నడము, తమిళము, ఒడియా, మరాఠీ చక్కగా చదివి, ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకము మాత్రము చదువలేకపోవుచున్నారు. అన్నము పెట్టిన భాషను ప్రేమించుదము. తల్లి ప్రార్థన నేర్పిన భాషను విడువకుందము. ప్రతి ఆదివారము ఒక్క కీర్తననైనా పిల్లలచేత పుస్తకము చూచి చదివించవలెనని తలిదండ్రులను బతిమాలుచున్నాము.