సబ్బునీళ్ల శాస్త్రవేత్త మెక్‌బెయిన్

మన హాస్టల్‌లో ఆదివారం అంటే బట్టలుతికే రోజు. కాస్మొటిక్ ఛార్జీల డబ్బుతో కొన్న సబ్బును బోరు నీళ్లలో ఎంత రుద్దినా నురుగు వచ్చేది కాదు. ఉప్పునీళ్లలోని కాల్షియం సబ్బును తెల్లటి తెట్టెగా మార్చేస్తుందని అప్పుడు మాకు తెలియదు. తిరుపతిలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీలో చేరాక, సబ్బునీళ్ల పరిశోధనకే జీవితంలో ఎక్కువ భాగం ధారపోసిన ఒక మహనీయుని గురించి చదివాము. ఆయనే జేమ్స్ విలియం మెక్‌బెయిన్.

మెక్‌బెయిన్ 1882లో కెనడాలో జన్మించారు. టొరంటోలోనూ, తర్వాత జర్మనీలోనూ చదువుకొని 1906లో ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో అధ్యాపకుడిగా చేరారు. అక్కడే ఆయనకొక చిక్కు ప్రశ్న ఎదురైంది. సబ్బునీటిలో విద్యుత్తు బాగానే ప్రవహిస్తోంది. అంటే అందులో ఆవేశమున్న రేణువులు చాలా ఉండాలి. కానీ ఆవిరి పీడనాన్ని బట్టి లెక్కిస్తే రేణువులు తక్కువగా తేలుతున్నాయి. రెండూ ఒకేసారి ఎలా నిజమవుతాయి?

సబ్బు అణువులు విడివిడిగా లేవని, గుంపులుగా కూడి ఉన్నాయని 1913లో ఆయన ప్రతిపాదించారు. ఆ గుంపులే మిసెల్లు. సబ్బు అణువు తలకు నీరంటే ఇష్టం, తోకకు నీరు గిట్టదు, నూనె అంటే ఇష్టం. హాల్లో తలలు బయటికి, కాళ్లు లోపలికి పెట్టి గుండ్రంగా పడుకున్న పిల్లలను ఊహించుకోండి. మిసెల్ కూడా అంతే. బట్టల మీది జిడ్డు ఆ తోకల మధ్య చేరి నీటితో కొట్టుకుపోతుంది. అయితే నీటిలో సబ్బు కొంత మోతాదు దాటితేనే గుంపు కడుతుంది. షాంపూల్లో వాడే సోడియం లారిల్ సల్ఫేటుకు ఆ మోతాదు 25 డిగ్రీల వద్ద లీటరుకు 2.3 గ్రాములు. ఒక్కో గుంపులో సుమారు 60 అణువులుంటాయి. మన ఇళ్లలో తలంటుకు నానబెట్టే కుంకుడుకాయల్లోని సపోనిన్లు చేసేదీ ఇదే పని.

సబ్బు ఇంకా చిక్కబడితే గుంపులు కడ్డీల్లా, తర్వాత పొరల్లా వరుసగా పేర్చుకుంటాయి. వీటిని ద్రవ స్ఫటికాలు అంటారు. విచిత్రమేమంటే, ఎక్కువ సబ్బున్న పొరల దశ కంటే తక్కువ సబ్బున్న కడ్డీల దశే గట్టిగా, జిగటగా ఉంటుంది. ఏ ఉష్ణోగ్రతలో, ఎంత సబ్బుకు ఏ దశ వస్తుందో మెక్‌బెయిన్ ఏళ్ల తరబడి కొలిచి పటాలు గీశారు. సబ్బు కాచే ఫ్యాక్టరీలకు అవి దారి చూపాయి.

ఆయన మాటను మొదట చాలామంది నమ్మలేదు. లండన్‌లో ఒక సమావేశంలో అధ్యక్ష స్థానంలో ఉన్న పెద్దాయనే అదంతా అర్థం లేని మాటని కొట్టిపారేశారని కెమిస్టులు నేటికీ చెప్పుకుంటారు. మెక్‌బెయిన్ వాదనకు దిగకుండా మరిన్ని కొలతలు తీశారు. 1939లో రాయల్ సొసైటీ ఆయనను డేవీ పతకంతో గౌరవించింది. అన్నీ ఆయన చెప్పినట్టే తేలలేదు. పలుచని సబ్బునీటిలోనూ పలకల్లాంటి మిసెల్లు ఉంటాయని ఆయన భావించారు. గుండ్రటివి చాలునని 1936లో హార్ట్లీ చూపారు. అయినా గుంపు ఉందన్న అసలు మాట నిలిచింది.

స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో, 67 ఏళ్ల వయసులో ఆయన మన దేశానికి వచ్చి పూణేలోని జాతీయ రసాయన ప్రయోగశాలకు తొలి డైరెక్టరయ్యారు. 1950 జనవరి 3న నెహ్రూ గారు దానిని ప్రారంభించారు. 1953లో మెక్‌బెయిన్ కన్నుమూశారు.

సోదరులారా, మేము మా ఇళ్లలో తొలి పట్టభద్రులం. పీజీ మొదటి సెమిస్టర్‌లో మేమొక సందేహం అడిగితే, మా ఇంగ్లీషు విని క్లాసంతా నవ్వింది. ఆ ఏడాదంతా మళ్లీ నోరు విప్పలేదు. మెక్‌బెయిన్ జీవితం చదివాక మా తప్పు తెలిసింది. ఆ సందేహాన్ని ల్యాబ్‌కు తీసుకెళ్లి తేల్చుకోవలసింది. మీరు మాత్రం నవ్వులకు భయపడి ప్రశ్నను వదిలేయకండి. ఈ ఆదివారం తొట్టి దగ్గర బోరు నీళ్లలో ఒకసారి, వాన నీళ్లలో ఒకసారి సబ్బు రుద్ది తేడా చూడండి. మీ మొదటి ప్రయోగం అక్కడే మొదలవుతుంది.