గంజాయిని పరీక్షించిన వైద్యుడు

కుక్క కరిచినదంటే హైదరాబాదు వారికి మొదట తట్టే పేరు నారాయణగూడ. అక్కడి నివారక వైద్య సంస్థలో టీకా వేయించుకొని ధైర్యంగా ఇల్లు చేరుతారు. ఆ టీకాను లోకానికి 1885లో పాశ్చరు ఇచ్చినాడు. అంతకు దాదాపు అర్ధశతాబ్దం ముందు, కలకత్తాలో, పిచ్చికుక్క కాటుతో నీటిని చూచి వణికిపోతున్న ఒక రోగికి ఒక యువవైద్యుడు గంజాయి బంకతో చేసిన మందు ఇచ్చినాడు. రోగి దక్కలేదు. కాని గుటక పడనివాడు కొంత ఆహారం మింగి, కొంత శాంతితో కన్నుమూసినాడు. ఆ వైద్యుడు విలియం బ్రూక్ ఓషానెసీ.

ఆయన ఐర్లండులోని లిమరిక్‌లో పుట్టి, 1829లో ఎడింబరోలో వైద్యపట్టం పొందినాడు. రెండు మూడేండ్లకే ఇంగ్లండులో కలరా ప్రబలినది. రోగుల నెత్తురులో నీరు, లవణాలు తరిగిపోతున్నవని కనుగొని, వాటిని తిరిగి నరాలలోకి ఎక్కించవలెనని సూచించినాడు. ఈనాటి సెలైను సీసాకు మూలం ఆ ఆలోచనే. అప్పటికి ఆయనకు పాతికేండ్లు నిండలేదు.

1833లో ఈస్టిండియా కంపెనీ కొలువులో చేరి, తరువాత కలకత్తా వైద్య కళాశాలలో రసాయన శాస్త్రాచార్యుడైనాడు. ఈ దేశంలో సాధువు చిలుములోనూ, పండుగనాటి భంగులోనూ కనిపించే గంజాయి ఆయన దృష్టిని ఆకర్షించినది. పండితులను, హకీములను అడిగి పాత వైద్యగ్రంథాల సారం తెలుసుకొన్నాడు. ముందు జంతువుల మీద, పిమ్మట రోగుల మీద పరీక్షించి 1839లో ఫలితాలు ప్రకటించినాడు. ధనుర్వాతంలో ఈడ్పులు తగ్గినవన్న వార్త విని ఐరోపా మందుల దుకాణాలు గంజాయికి తలుపులు తెరచినవి.

ఆ వ్యాసంలో అంతగా ప్రచారంలోకి రాని భాగమొకటి ఉన్నది. కీళ్లవాతపు రోగి ఒకడు మందు పుచ్చుకొన్న కొన్ని గంటలకు కొయ్యబారిపోయినాడు. చేయి ఎత్తి నిలిపితే అలాగే ఉన్నది; మైనపుబొమ్మను వంచినట్లు ఎటు వంచితే అటే. తరువాత తేరుకొన్నాడు. ఇటువంటి స్తబ్ధతను తరువాతి తరం వైద్యులు మనోవ్యాధులలో చేర్చినారు. ఆ వ్యాధులలో ఒకదానికి స్కిజోఫ్రీనియా అన్న పేరు పుట్టినది 1908లో మాత్రమే.

అంతకన్న ముఖ్యమైనది యువకులను గూర్చిన హెచ్చరిక. కొత్తగా, హద్దు తెలియక గంజాయి సేవించిన పడుచువాండ్రలో ఒక వింత ఉన్మాదం ఆయన కంటబడినది. తూలుతూ నడుస్తారు, చేతులు నలుపుకొంటారు, కారణం లేక నవ్వుతారు, ఎదుటివాడు ఎవరైనా సరే కాళ్లు ఒత్తబోతారు. చికిత్సతో త్వరగా కోలుకొన్నారు గనుక కాబోలు, ఆయన దానిని తాత్కాలిక వికారంగానే ఎంచినాడు. చిక్కడపల్లి గ్రంథాలయంలో పుస్తకాల మీద వంగి కూర్చునే కుర్రవాండ్రది, అశోక్‌నగర్ గదులలో పోటీపరీక్షలకు చదివేవారిది ఇంచుమించు ఆ వయస్సే.

అందరూ అలా కోలుకోరని తెలియడానికి చాలాకాలం పట్టినది. 1893-94లో ప్రభుత్వ సంఘమొకటి పిచ్చాసుపత్రుల దస్తరాలు తిరగవేసి, కారణం గంజాయి అని వ్రాసిన అనేక పద్దులు విచారణ లేని వ్రాతలని తేల్చినది. మితం హాని చేయదని, అతి చేయగలదని దాని అభిప్రాయం. ఆ జాగ్రత్త మెచ్చదగినదే. కాని 1987లో స్వీడనులో సుమారు 45 వేలమంది సైనిక యువకుల చరిత్రలు పరిశీలించినప్పుడు, సైన్యంలో చేరకముందే 50 సార్లకు మించి గంజాయి సేవించినవారిలో స్కిజోఫ్రీనియా ఆరు రెట్లు కనబడినది. గంజాయిలోని మత్తుపదార్థాన్ని 1964లో వేరుచేసినారు; అది పట్టుకొనే గ్రాహకాలు మెదడులో ఉన్నవని 1988లో గుర్తించినారు. మెదడు తన కణాల సంభాషణను అదుపులో ఉంచుకొనే చోటు అదే. ఇరవై దాటేవరకు ఆ ఏర్పాటు ఇంకా పాకానికి వస్తూనే ఉంటుంది. అప్పుడు బయటి మత్తు వచ్చి ఆ తాళాలు తిప్పితే, వంశంలో వ్యాధి బీజమున్నవారికి ముప్పు మరీ హెచ్చు. సేవించిన ప్రతివాడూ రోగి కాడు. ఎవడు అవుతాడో ముందుగా చెప్పగల వైద్యుడూ లేడు.

ఓషానెసీ మనసు తరువాత తంతి వైపు మళ్లినది. 1855 నాటికి కలకత్తా, ఆగ్రా, బొంబాయి, మద్రాసులను తీగతో కలిపి, మరుసటి ఏడు సర్ బిరుదు పొందినాడు. 1860లో ఈ దేశం విడిచి, 1889లో ఇంగ్లండులో మరణించినాడు. చరిత్ర గ్రంథాలలో ఆయన తంతి నిర్మాతగానే నిలిచినాడు.