గ్రేస్ హాపర్

నేడు మామూలు మాటలలో అడిగితే చాలు, చాట్‌బాట్ ప్రోగ్రామును వ్రాసి ఇస్తున్నది. యంత్రం చేతనే ప్రోగ్రాము వ్రాయించాలన్న తలంపునకు తొలిరోజులలోనే రూపమిచ్చిన విదుషి గ్రేస్ హాపర్.

ఆమె 1906లో న్యూయార్క్ నగరంలో జన్మించారు. 1934లో యేల్ విశ్వవిద్యాలయం నుండి గణితంలో డాక్టరేటు పొంది, వాసర్ కళాశాలలో బోధించారు. రెండవ ప్రపంచయుద్ధకాలంలో అమెరికా నౌకాదళంలో చేరి, 1944లో హార్వర్డ్‌లోని మార్క్-1 యంత్రానికి ఆదేశాలు వ్రాసే పనిలో ప్రవేశించారు.

ఆనాడు ప్రోగ్రాము అంటే అంకెల బారులే. ఒకచోట వ్రాసిన ఆదేశాలు మరొకచోట కావలసివస్తే నోటుపుస్తకం నుండి చేతితో ఎత్తివ్రాసుకొనేవారు. ఎంతటి గణితవేత్తకైనా ఎత్తివ్రాతలో పొరపాటు తప్పదు. ఒక్క అంకె మారితే ఫలితమంతా తారుమారు. ఈ చాకిరీని యంత్రానికే అప్పగించదలచి 1952లో ఆమె ఏ-0 అనే కంపైలరును రూపొందించారు. కంప్యూటరు లెక్కలు చేయగలదే గాని ప్రోగ్రాములు వ్రాయజాలదని పలువురు కొట్టిపారవేశారు.

ఆమె వెనుదీయలేదు. అంకెలకు బదులు ఆంగ్లపదాలతో ఆదేశాలిచ్చే పద్ధతిని నిర్మించారు. యంత్రానికి ఏ భాషాపదమైనా గుర్తు మాత్రమే అని తెలుపుటకు ఫ్రెంచి, జర్మన్ పదాలతోను ప్రోగ్రామును చూపగా, సంస్థ పెద్దలు మెచ్చుకొనుటకు మారుగా బెదరిపోయారట! ఆ కృషి ఫలమైన ఫ్లో-మాటిక్ భాషయే, 1959లో ఒక సంఘం రూపకల్పనకు పూనుకొన్న కోబాల్‌కు ముఖ్యమైన ఆధారమైనది.

1986లో రియర్ అడ్మిరల్ హోదాలో నౌకాదళం నుండి విరమించిన హాపర్, 1992 జనవరి 1న కన్నుమూశారు.