తోట రాముడి అమ్మ

పోయిన ఆదివారం మనం హాస్టల్ టీవీలో పాతాళభైరవి చూసినం గదా. రాత్రి పండుకునే దాకా అందరం ఎన్టీ రామారావు గురించి, మాంత్రికుని గురించే మాట్లాడుకున్నం. తోట రాముడి అమ్మగా వేసినామె ఎవరని ఒక్కరూ అడగలేదు. ఆమె పేరు సురభి కమలాబాయి. తెలుగు మాటల సినిమాలో మొట్టమొదటి హీరోయిన్, మొదటి గాయని ఆమెనే.

కమలాబాయి 1907లో నాటకాల కుటుంబంలో పుట్టింది. తల్లి నిండు నెలలతో దమయంతి వేషం వేస్తుంటే స్టేజీ మీదనే నొప్పులు వచ్చినయట. జనం అది కూడా నాటకమే అనుకున్నరని చెప్పుకుంటరు.

సురభి నాటకాలను 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు గారు ప్రారంభించారు. మొదటి నాటకం కీచకవధ. ఆ రోజులల్ల ఆడవేషాలు చాలా వరకు మగవాళ్లే చీర కట్టుకొని వేసేవారు. సురభిలో మాత్రం ఇంటి ఆడవాళ్లే వేసిన్రు. మా లంబాడీ పెద్దలు ఎద్దుల మీద ఉప్పు మోసుకుంట తిరిగినట్టే, వాళ్లు తెరలు, సామాన్లు కట్టుకొని పిల్లలతో సహా ఊరూరు తిరిగేవారు. కమలాబాయి చిన్నప్పుడే కృష్ణుడు, ప్రహ్లాదుడు వేషాలు వేసింది.

1931లో హిందీలో ఆలం ఆరా వచ్చింది. తర్వాత హెచ్.ఎం. రెడ్డి గారు సురభి వాళ్లను బొంబాయి తీసుకపోయి భక్త ప్రహ్లాద తీశారు. అందులో ప్రహ్లాదుని తల్లి లీలావతి మన కమలాబాయి. పాత పుస్తకాలల్ల ఆ సినిమా 1931 సెప్టెంబరులో వచ్చిందని ఉంటది కానీ, పరిశోధించినవాళ్లు 1932 ఫిబ్రవరి 6 అని తేల్చినారు.

ఇప్పటి లెక్క వెనక నుంచి వేరేవాళ్లు పాడుడు అప్పుడు లేదు. నటించుకుంటనే పాడాలె. మైకు కనపడొద్దు, గొంతు మాత్రం దానికి అందాలె. తప్పు పోతే మళ్లీ మొదటి నుంచి. మనం పొద్దున ప్రార్థనలో ఊరికె నిలబడి పాడితేనే ఊపిరి అందదు!

అదే 1932లో పాదుకా పట్టాభిషేకంలో సీతగా, శకుంతలలో శకుంతలగా నటించింది. చాలా ఏండ్లు బొంబాయిలోనే ఉండి హిందీ సినిమాలల్ల కూడా వేసింది. తర్వాత తెలుగులో అమ్మ వేషాలు. పాతాళభైరవి 1951లో వచ్చింది. ఆమె 1971 మార్చి 30న చనిపోయింది.

భక్త ప్రహ్లాద రీళ్లు ఇప్పుడు ఎక్కడా లేవు. అంత కష్టపడి పాడిన ఆ మొదటి గొంతు మనం వినలేం. ఇది తెలిసినప్పుడు నాకు చాలా బాధ అయింది.

తాండూరు నుంచి రైలెక్కితే వికారాబాద్, శంకర్‌పల్లి దాటినంక లింగంపల్లి స్టేషన్ వస్తది. సురభి కుటుంబాలు అక్కడ కాలనీ కట్టుకున్నయి. నేను అటు రెండుసార్లు పోయిన గానీ అప్పుడు తెల్వదు.

మన వార్షికోత్సవానికి ప్రహ్లాద నాటకం అనుకున్నప్పుడు లీలావతికి నా పేరు ఇచ్చిన. ఆడపిల్ల వేషం కడితే తండాలో పేరు పోతదని మా తాత కోపం చేసిండు. పేరు కొట్టేయించుకున్న. నిన్న మళ్లీ రాయించిన. మా తాత వస్తే ముందట కూర్చోబెట్టండి, ఆయనకు చెవులు సరిగా వినపడవు.

— తొమ్మిదో తరగతి విద్యార్థిని